కొండవాలులో స్ఫటికాల కోసం బృందంగా తవ్వేటప్పుడు: ఎక్కడ తవ్వాలి, ఎలా తీయాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. పన్నెండుమంది కలిసి, వారిలో పదేళ్ల పిల్లలు ఇద్దరు, పలుగురాతి స్ఫటికాలు దొరుకుతాయని పేరున్న, మట్టి కప్పిన ఒక కొండవాలుకు ఒక రోజు తవ్వకానికి వెళ్తున్నారు. స్థలం యజమాని అనుమతి ఉంది, కానీ మీలో ఎవరికీ ఈ పనిలో అనుభవం లేదు. అందరూ ఒకేచోట తవ్వాలా, విడిపోవాలా, ఏ పనిముట్లు తీసుకువెళ్లాలి, కనబడిన స్ఫటికాన్ని విరగకుండా ఎలా తీయాలి, పిల్లలకు ఏ పని ఇవ్వాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. మొదటి గంట, గంటన్నర సేపు ఎవరూ తవ్వకండి. వాలు మీద పడివున్న రాళ్లను చూడండి. ఆ తరువాత ఇద్దరిద్దరు ఒక జట్టుగా, వాలుకు అడ్డంగా ఒకే మట్టంలో, ఒకరికి పైన మరొకరు లేకుండా తవ్వండి. గుంతను లోతుగా దించకండి, గట్టు కిందికి సొరంగంలా అసలే తొలవకండి. స్ఫటికం కొస కనబడిన క్షణం నుంచి ఇనుప పనిముట్టును పక్కన పెట్టి, దాని చుట్టూ ఉన్న మట్టిని మాత్రమే తీయండి. ఈ నాలుగూ పాటిస్తే అనుభవం లేని బృందం కూడా మంచి నమూనాలతో, దెబ్బలు లేకుండా తిరిగిరాగలదు. వీటిలో ప్రతిదానికీ కారణం ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు, ఆ స్ఫటికాలు మట్టిలోకి ఎలా వచ్చాయో తెలుసుకోవాలి. భూమి లోపల బండ పగుళ్ల గుండా సిలికా (పలుగురాయి తయారయ్యే పదార్థం) కరిగిన వేడినీరు ప్రవహించినప్పుడు ఆ పగుళ్లలో పలుగురాయి పేరుకుని సిరగా ఏర్పడుతుంది. పగులు పూర్తిగా నిండిపోయిన చోట తెల్లటి ముద్దరాయే మిగులుతుంది. ఎక్కడైనా ఖాళీ మిగిలితే, ఆ ఖాళీలోకి కొసలు చాచుకుని స్ఫటికాలు పెరుగుతాయి. ఆ ఖాళీని గుల్ల అందాం. కోట్ల ఏళ్ల తరువాత పైనున్న శిల క్షయించి ఆ భాగం ఉపరితలానికి చేరినప్పుడు, చుట్టూ ఉన్న ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం బంకమట్టిగా మారిపోతుంది, అభ్రకం పొరలు పొరలుగా విడిపోతుంది, పలుగురాయి మాత్రం దాదాపు చెక్కుచెదరక నిలుస్తుంది. అందువల్ల గుల్ల తెరుచుకున్న చోటునుంచి స్ఫటికాలు, వాటి ముక్కలు వాన నీటితోనూ సొంత బరువుతోనూ వాలు కిందికి జారుతూ విసనకర్రలా విచ్చుకుంటాయి. మీకు కింద కనబడే ప్రతి విడిరాయీ పైనెక్కడో ఉన్న ఒక మూలానికి సాక్ష్యం.

కాబట్టి పని కింది నుంచి మొదలుపెట్టాలి. పన్నెండుమందీ చేతికి చేయి అందనంత దూరంలో ఒక వరుసగా నిలబడి, నేలను చూస్తూ నెమ్మదిగా పైకి నడవండి. పలుగురాతి పెంకు కనబడిన ప్రతిచోటా ఒక చిన్న గుర్తుజెండా గుచ్చండి. రంగు గుడ్డ కట్టిన పుల్ల అయినా చాలు. పైకి వెళ్లేకొద్దీ జెండాల వెడల్పు తగ్గుతూ వస్తుంది, ముక్కల అంచులు పదునెక్కుతాయి. అంచులు అరిగి గుండ్రబడిన ముక్క దూరం నుంచి వచ్చినది, పదునుగా ఉన్నది దగ్గరిది. ఒక మట్టం దాటాక ముక్కలు ఒక్కసారిగా కనబడకుండా పోతాయి. ఆ గీతకు కొంచెం కిందా పైనా ఉన్న పట్టీయే మీరు తవ్వవలసిన చోటు. వాన కురిసి వెలిసిన మరునాడు, ఎండ ఏటవాలుగా పడే ఉదయం వేళ ఈ పని చేయగలిగితే ఇంకా మంచిది. దుమ్ము కడుక్కుపోయిన స్ఫటిక ముఖాలు సూర్యుని వైపు తిరిగి నడిచేవారికి దూరం నుంచే మెరుస్తాయి.

ఇక్కడ ఒక భేదం తప్పక గుర్తించాలి. పాలరంగు పలుగురాతి ముద్దలు గుట్టలుగా పడివున్నా, అవి అక్కడ సిర ఉందని మాత్రమే చెబుతాయి, గుల్ల ఉందని చెప్పవు. చదునైన సహజ ముఖం ఉన్న ఒక్క చిన్న పెంకు, వాటన్నిటికంటే విలువైన ఆనవాలు. విరిగిన పలుగురాయి తలం గవ్వ లోపలి భాగంలా వంపు తిరిగి ఉంటుంది. స్ఫటిక ముఖం మాత్రం అద్దంలా చదునుగా ఉంటుంది, పక్క ముఖాల మీద అడ్డంగా సన్నని గీతలు కనబడతాయి. ఆనుకుని ఉన్న రెండు పక్క ముఖాల మధ్య కోణం ఎప్పుడూ 120 డిగ్రీలే. స్ఫటికం పెద్దదైనా చిన్నదైనా, సొట్టగా పెరిగినా ఈ కోణం మారదని డెన్మార్క్ శాస్త్రవేత్త నికొలాస్ స్టెనో 1669లోనే ప్రకటించాడు. అట్టముక్కను 120 డిగ్రీల కోణంలో కత్తిరించి ప్రతి జట్టుకూ ఒకటి ఇవ్వండి. చేతిలో ఉన్నది స్ఫటికం ముక్కా మామూలు పగులురాయా అన్న సందేహం క్షణంలో తీరుతుంది.

నేను వెంట వెళ్లిన ఒక బృందంలో చాలామంది అత్యంత తెల్లగా మెరిసే సిర దగ్గర గుమిగూడి మధ్యాహ్నం దాకా సుత్తులతో కొట్టారు, ముద్దరాయి తప్ప ఏమీ రాలేదు. వారికి కొంత పక్కగా, సిర పేరుకైనా కనబడని ఎర్రమట్టిలో ఇద్దరు అక్కాచెల్లెళ్లు మూడు ముఖాలున్న గోటంత పెంకులను వెంబడించుకుంటూ పైకి వెళ్లి, మోకాలి లోతులోనే ఒక గుల్లను తెరిచారు. ఇలాంటివి చూసినందువల్లే మొదటి గంట నడకకు అంత ప్రాధాన్యం ఇస్తున్నాను.

తవ్వడం మొదలయ్యాక గుల్ల దగ్గరపడుతున్నదని నేల ముందుగానే తెలియజేస్తుంది. గట్టిగా, ఒకే రంగులో ఉన్న మట్టి అకస్మాత్తుగా మెత్తబడి, జిగురుగా, ముదురు ఎరుపు లేదా గోధుమ రంగుకు మారితే వేగం తగ్గించండి. ఆ రంగు ఇనుము ఆక్సైడులది. నీరు చాలాకాలం ఆ దారినే నడిచిందని అర్థం. గడ్డపార ఉన్నట్టుండి సులువుగా దిగిపోయినా, కొట్టినప్పుడు చప్పుడు బోలుగా వినబడినా, చెట్ల వేళ్లు ఒక పగుల్లోకి గుంపుగా దూరి కనబడినా అదే సూచన, ఎందుకంటే వేళ్లు తేమ ఉన్న మెత్తని మట్టిని వెతుక్కుంటూ వెళ్తాయి. పెగ్మటైట్ అనే ముతక కణాల శిలలో తవ్వుతున్నట్లయితే మరో ఆనవాలు ఉంటుంది: ఫెల్డ్‌స్పార్, అభ్రకం పలకలు క్రమంగా పెద్దవవుతూ, పలుగురాయి పొగరంగుకు తిరుగుతుంటే గుల్ల వైపు వెళ్తున్నారని అనుకోవచ్చు. ఈ సూచనల్లో ఏ ఒక్కటి విడిగా కనబడినా నేను పెద్దగా ఆశ పెట్టుకోను. రెండు, మూడు ఒకేచోట కలిస్తే మాత్రం ఆ జట్టును గడ్డపార పక్కన పెట్టమని చెబుతాను.

గుల్ల అంటే లోపల వెలుగులు చిమ్మే గుహ అని ఊహించుకోకండి. మెక్సికోలోని నైకా గనిలో 2000వ సంవత్సరంలో బయటపడిన గుహలో 11 మీటర్లకు మించిన జిప్సం స్ఫటికాలున్న మాట నిజమే కానీ, కొండవాలు గుల్లల్లో చాలావరకు పిడికిలి నుంచి బుట్ట దాకా ఉంటాయి, నిండా బంకమట్టి ఉంటుంది. పైకప్పు నుంచి, గోడల నుంచి ఎప్పుడో ఊడిపడిన స్ఫటికాలు ఆ మట్టిలో అటూ ఇటూ పడుకుని ఉంటాయి. శిల స్వభావాన్ని బట్టి పద్ధతి కూడా మారుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని హెర్కిమర్ ప్రాంతంలో రెండు కొసలూ తీరిన పారదర్శకమైన పలుగురాతి స్ఫటికాలు గట్టి డోలోస్టోన్ బండలోని చిన్న గుల్లల్లో ఉంటాయి, అక్కడ బరువైన సుత్తి, ఉలి, మేకులు లేకుండా పని జరగదు. మీరు వర్ణించినట్లు మట్టి కప్పిన వాలులో సుత్తితో పని చాలా తక్కువ.

అనుభవం లేనివారికి నేను ఇచ్చే అతి ముఖ్యమైన సలహాల్లో ఒకటి చాలామందికి నచ్చదు: పాత గుంతల పక్కన పోసిన మట్టి కుప్పలను ముందు జల్లెడ పట్టండి. పేరున్న తవ్వకపు చోటులో మీకంటే ముందు ఎందరో తవ్వి ఉంటారు. వారు పెద్ద స్ఫటికాల కోసం తొందరపడి, బంకమట్టి పట్టి మట్టిగడ్డల్లా కనబడిన వాటిని అలాగే విసిరేసి ఉంటారు. ఆ తరువాత ఎన్నో వానలు ఆ కుప్పలను కడిగి ఉంటాయి. పైన 12 మిల్లీమీటర్ల కన్ను, కింద 6 మిల్లీమీటర్ల కన్ను ఉన్న రెండు జల్లెళ్లను ఒకదాని మీద ఒకటి పెట్టి, మట్టిని పొడిగా ఒకసారి, నీళ్ల బకెట్టులో ముంచి మరోసారి జల్లించండి. వేలి కొసంత స్ఫటికాలు, కొన్నిసార్లు రెండు కొసలూ చెక్కుచెదరనివి, ఇక్కడే దొరుకుతాయి. పైగా గంటసేపు జల్లెడ పట్టినవారికి ఆ కొండలో స్ఫటికం ఏ రంగు మట్టి పూసుకుని ఉంటుందో కంటికి అలవాటవుతుంది. ఆ అలవాటు లేనివారు తమ చేతిలోకి వచ్చినదాన్నే పారతో ఎత్తి అవతల పోస్తారు.

ఇప్పుడు బృందం అమరిక గురించి చెప్పాలి. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఒంటరిగా తవ్వేవాడికి లేని ప్రమాదాలు గుంపుకు ఉంటాయి. వాలు మీద ఒకరు కదిపిన రాయి కిందివారికి తగులుతుంది. అందుకే అన్ని జట్లూ ఒకే మట్టంలో, పక్కపక్కన ఉండాలి. జట్టుకూ జట్టుకూ మధ్య పనిముట్టును చాచి విసిరినా తగలనంత ఎడం, కనీసం మూడు నాలుగు మీటర్లు ఉంచండి. రాయి దొర్లితే చూసినవారు వెంటనే "రాయి!" అని గట్టిగా అరవాలి, విన్నవారు పైకి చూస్తూ నిలబడకుండా పక్కకు తప్పుకోవాలి. భోజనం, సంచులు, విశ్రాంతి స్థలం తవ్వకానికి నేరుగా కింద ఉండకూడదు, ఓ పక్కగా ఉండాలి. ఒక పెద్దమనిషిని ఆ రోజుకు తవ్వకం నుంచి పూర్తిగా తప్పించి, ఈల మెడలో వేసి, గుంతల మధ్య తిరుగుతూ చూసే పని అప్పగించండి. తవ్వుతున్నవాడి చూపు గుంతలోనే ఉంటుంది, తన తల మీదున్న గట్టు పరిస్థితి అతనికి కనబడదు.

గట్టు కింద తొలచడం ప్రాణాంతకం. మంచి మట్టి పొర గట్టు లోపలికి పోతున్నప్పుడు, పైనున్న రెండడుగుల మట్టిని తీయడం కంటే కిందినుంచి తొలుచుకుంటూ పోవడం తేలికగా అనిపిస్తుంది. ఒక ఘనమీటరు మట్టి సుమారు ఒకటిన్నర టన్ను ఉంటుంది, తడిసినది ఇంకా ఎక్కువ. అది కూలేటప్పుడు హెచ్చరిక ఉండదు; ఛాతీ వరకు కప్పుకున్నా చాలు, ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు శిక్షణ పొందిన పనివారికే 5 అడుగులు, ఆపై లోతున్న కందకాల్లో గోడకు ఆసరా గానీ గోడను ఏటవాలుగా కోయడం గానీ ఉండాలని చెబుతాయి, తవ్విపోసిన మట్టి అంచుకు కనీసం 2 అడుగుల దూరంలో ఉండాలంటాయి. మీరు అంతకంటే చాలా ముందే ఆగండి. నా లెక్కలో గుంత లోతును నిలబడి కొలవకూడదు, చతికిలబడి కొలవాలి, ఎందుకంటే స్ఫటికం తీసేవారు గంటల తరబడి కూర్చునే ఉంటారు. కూర్చున్నవారి భుజం నేలమట్టం కంటే కిందికి పోతే ఆ గుంతను వెడల్పు చేసి, గోడలను ఏటవాలుగా కోసి, అప్పుడే కొనసాగాలి. ఒకసారి ఒక కుర్రవాణ్ని అలాంటి తొర్రలోంచి బతిమాలి బయటికి రప్పించవలసి వచ్చింది. రాత్రి వాన పడింది, తెల్లవారి చూస్తే ఆ గట్టు మొత్తం గుంతలో కూర్చుని ఉంది.

వాలు మీద ఉన్న చెట్ల మొదళ్లలో తవ్వకండి, వేళ్లు తెగితే చెట్టూ పోతుంది, గట్టూ పోతుంది. కనబడని రంధ్రంలో చేయి పెట్టకండి, ముందు పుల్లతో కదిపి చూడండి. ఉరుము వినబడితే గడ్డపారలు వదిలేసి దిగిపోవాలి. తాగునీరు మీరు అనుకున్నదానికంటే ఎక్కువే తీసుకువెళ్లండి.

ఇక అసలు పని, స్ఫటికాన్ని తీయడం. కొస కనబడగానే అందరి చేతులూ దాన్ని పట్టుకుని ఊపబోతాయి. అలా ఊపితే విరిగేది అడుగు భాగమే, కొన్నిసార్లు దాని వెనుక మట్టిలో దాగిన గుత్తి మొత్తం. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చూపే మోహ్స్ కొలమానం మీద పలుగురాయిది 7, మామూలు ఇనుప మేకు దానిమీద గీత పెట్టలేదు. కానీ గీత పడకపోవడం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు. అంచుకు స్క్రూడ్రైవర్ కొన తగిలితే చాలు పెచ్చు లేస్తుంది, పెచ్చు లేచిన కొసను మళ్లీ సరిచేయలేం. అందుకని గుల్లలోకి వెళ్లాక వెదురు పుల్లలు, చెక్క గరిటె, పాత టూత్‌బ్రష్, చేతివేళ్లు, ఇవే పనిముట్లు. వేళ్లకు మందపాటి తొడుగులు తప్పవు, విరిగిన పలుగురాతి పెచ్చు గాజుపెంకులా కోస్తుంది. స్ఫటికం చుట్టూ ఒక పిడికిలి వెడల్పున మట్టిని తీసుకుంటూ, అది ఏ దిక్కుకు వాలి ఉందో, దేనికి అతుక్కుని ఉందో చూడండి. గుత్తి అయితే దాని కింద మట్టి దిమ్మెను అలాగే ఉంచి, చుట్టూ, ఆపై అడుగున కోసి, దిమ్మెతో సహా ఎత్తండి. బండకు అతుక్కున్నదైతే స్ఫటికానికి దూరంగా, బండలోని సహజమైన పగులును వెతికి అక్కడ ఉలి పెట్టండి. ఆ పగులు లేకపోతే దాన్ని అక్కడే వదిలేయడం మంచిదని నా అభిప్రాయం. బలవంతంగా కొట్టిన దెబ్బకు బండ కంటే ముందు స్ఫటికమే విడిపోతుంది.

పలుగురాయి కాక వేరే ఖనిజాలు వస్తే మరింత జాగ్రత్త కావాలి. కాల్సైట్ గట్టిదనం 3, ఫ్లోరైట్ 4. రెండూ నిర్దిష్టమైన తలాల వెంట నున్నగా చీలిపోయే గుణం కలవి. పుష్యరాగం (టోపాజ్) పలుగురాయి కంటే గట్టిది, 8, అయినా అడుగుకు సమాంతరంగా ఒకే ఒక దిశలో చక్కగా చీలుతుంది, కాబట్టి గట్టిదనాన్ని నమ్మి మొరటుగా తీస్తే రెండు ముక్కలు చేతికి వస్తాయి.

గుల్ల పూర్తిగా ఖాళీ అయ్యేదాకా విరిగిన ముక్కలను పారేయకండి. భూమి కదలికలకు ఎన్నడో విరిగిన స్ఫటికం రెండో సగం అదే మట్టిలో ఒక చేతి దూరంలో ఉండవచ్చు. ఒక గుల్ల నుంచి వచ్చినవన్నీ, పనికిరానివిగా కనబడేవి సహా, ఒకే పళ్లెంలో వేసి, దాని మీద ఆ గుంత సంఖ్య రాయండి. ఇంటికి వచ్చి కడిగాక విరుపులు కలుస్తాయేమో చూడవచ్చు. ఇద్దరు వేర్వేరు మనుషులు తీసిన ముక్కలు ఒకే గుత్తికి చెందినవని తేలడం నేను చూశాను. వారు ఒకే పళ్లెం నియమాన్ని పాటించకపోయి ఉంటే ఆ గుత్తి రెండిళ్లలో రెండు రాళ్లుగా ఉండిపోయేది.

తీసిన స్ఫటికాన్ని ఎండలో పెట్టి మురిసిపోకండి, అక్కడే నీళ్లతో కడగకండి. నేలలోపల చల్లగా, తడిగా ఉన్న పలుగురాయి ఒక్కసారిగా వేడెక్కినా, వేడెక్కినది చన్నీళ్లలో పడినా పగిలే అవకాశం ఉంది, ముఖ్యంగా లోపల నీటి బుడగలు, పాత పగుళ్లు ఉన్నవి. మట్టితోనే తడి కాగితంలో చుట్టి, కొసకు అదనంగా మెత్తని కాగితం కట్టి, నీడలో పెట్టెలో పెట్టండి. కొన్ని ఖనిజాల రంగు కూడా వెలుతురుకు నిలవదు. ఊదారంగు అమెథిస్టును ఏళ్ల తరబడి ఎండలో ఉంచితే వెలుస్తుంది, అమెరికాలోని యూటా రాష్ట్రపు థామస్ పర్వతాల్లో దొరికే గోధుమరంగు పుష్యరాగం ఎండ తగిలితే త్వరలోనే రంగు కోల్పోతుంది.

పనిముట్ల విషయంలో చాలామంది అవసరానికి మించి మోస్తారు. జట్టుకు ఒక గడ్డపార, ఒక పొట్టి పార, ఒక చేతి బొరిగె లేదా తాపీ, ఒక బకెట్టు, వెదురు పుల్లల కట్ట చాలు. బృందం మొత్తానికి రెండు జతల జల్లెళ్లు, ఒక బరువు సుత్తి, రెండు ఉలులు, ప్రథమ చికిత్స పెట్టె, పాత కాగితాలు, పెట్టెలు ఉంటే సరిపోతుంది. సుత్తి పని జరిగే చోట కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా ఎవరూ నిలబడకూడదు, చూసేవారు కూడా. వాలు మీద తలకు హెల్మెట్, కాళ్లకు మడమ కప్పే బూట్లు అవసరం.

దుమ్మును తేలికగా తీసుకోకండి. పలుగురాయిని పొడిగా కొట్టినప్పుడు లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. దాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఒక్క రోజు తవ్వకంతో అంత ముప్పు రాదు, అయినా కొట్టే చోట నీళ్లు చల్లుకోవడం, ఎన్95 మాస్కు పెట్టుకోవడం అలవాటు చేసుకుంటే తరువాత ఎన్నిసార్లు వెళ్లినా నిశ్చింతగా ఉండవచ్చు.

మీరు అడగలేదు కానీ, బయలుదేరే ముందే తేల్చుకోవలసినది పంపకం. ఎవరి గుంత వారిదా, అన్నీ కలిపి పంచుకోవడమా అన్నది స్ఫటికం బయటపడ్డాక చర్చిస్తే స్నేహాలు దెబ్బతింటాయి. నేను వెళ్లే బృందాల్లో అన్నీ ఒక గుడ్డ మీద పరిచి, చీటీలు వేసి వచ్చిన వరుసలో ఒక్కొక్కటి ఎంచుకుంటాం. గుల్లను కనుగొన్న జట్టుకు మాత్రం మొదటి ఎంపిక ఇస్తాం. జల్లెడ పట్టినవారికీ, కాపలా ఉన్నవారికీ సమాన వాటా ఉంటుందని తెలిస్తేనే ఆ పనులు చేయడానికి మనుషులు ముందుకు వస్తారు. ఏ పద్ధతి అయినా, ప్రతి నమూనాతో పాటు కొండ పేరు, గుంత సంఖ్య, లోతు, తేదీ రాసిన చీటీ ఉండాలి. ఎక్కడ దొరికిందో తెలియని స్ఫటికం అందంగా ఉండవచ్చు, కానీ దానినుంచి ఆ కొండ గురించి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. తీయకముందు, మట్టిలో ఉండగానే ఒక ఫొటో కూడా తీసిపెట్టండి.

ఇంటికి వచ్చాక స్ఫటికాలను రెండు మూడు రోజులు నీడలో ఆరనిస్తే బంకమట్టి బీటలు వారి సగం దానంతటదే రాలుతుంది. మిగిలినది గది ఉష్ణోగ్రతలో ఉన్న నీళ్లు, మెత్తని బ్రష్‌తో పోతుంది. ఇనుము వల్ల పట్టిన పసుపు, ఎరుపు మరకలకు ఆక్సాలిక్ ఆమ్ల ద్రావణం వాడతారు. అది విషం. పిల్లలకు అందనిచోట, ఆరుబయట, ప్లాస్టిక్ పాత్రలో, చేతితొడుగులు, కళ్లద్దాలతోనే పని చేయాలి. దాన్ని మరిగించకూడదు, పొడిని పీల్చకూడదు. ఎప్పుడూ నీళ్లలో ఆమ్లాన్ని కలపాలి. నానబెట్టాక స్ఫటికాలను చాలాసార్లు మంచినీళ్లు మార్చి కడిగి, చివరగా వంటసోడా నీళ్లలో ఉంచాలి. నమూనాలో కాల్సైట్ ఉంటే ఈ ఆమ్లం జోలికి పోకండి, కాల్సైట్‌ను తినేసి దాని మీద తెల్లటి పొర ఏర్పరుస్తుంది. నన్నడిగితే, మొదటిసారి దొరికిన వాటిలో చాలావరకు ఆమ్లం అవసరం ఉండదు, ఆ లేత ఎర్రమరక ఆ కొండ గుర్తుగా ఉండనివ్వవచ్చు.

పిల్లల సంగతి. పదేళ్ల పిల్లలకు ఈ పనిలో అత్యంత అనువైన చోటు జల్లెడ దగ్గరే. వారి కళ్లు నేలకు దగ్గరగా ఉంటాయి, చిన్న మెరుపును పెద్దవారికంటే ముందే పట్టుకుంటారు. గుంతలోకి మాత్రం దించకండి, సుత్తి కొట్టే చోటికి రానివ్వకండి, వారి వెంట ఎప్పుడూ ఒక పెద్దవారు ఉండాలి. 120 డిగ్రీల అట్టముక్కనూ చీటీలు రాసే పనినీ వారికే అప్పగిస్తే సాయంత్రం దాకా విసుగు లేకుండా చేస్తారు.

అనుమతి విషయంలో ఒక్క మాట. కొన్ని దేశాల్లో నేల ఒకరిది, నేలకింది ఖనిజాల హక్కు మరొకరిది లేదా ప్రభుత్వానిది అయి ఉంటుంది, కాబట్టి యజమాని ఒప్పుకున్నారంటే సరిపోయిందని అనుకోకుండా ఖనిజాలు తీసుకువెళ్లే హక్కు ఎవరిదో కనుక్కుని, రాతపూర్వకంగా తీసుకోండి. ఎంత లోతు, ఏ పనిముట్లు, ఎంత బరువు వరకు అన్నవి అందులో ఉండాలి. వెలుగు ఉండగానే, చీకటికి కనీసం గంటన్నర ముందు తవ్వకం ఆపండి. గుంత మొదలుపెట్టినప్పుడే పైమట్టిని ఒక పక్క, లోపలి మట్టిని మరో పక్క పోసుకుని ఉంటే, పూడ్చేటప్పుడు రాళ్లు, లోపలి మట్టి ముందు వేసి, కాలితో తొక్కి, పైమట్టిని పైనే కప్పవచ్చు. వాలు మీద పూడ్చని గుంత మొదటి పెద్దవానకే గండిగా మారుతుంది, మరుసటిసారి అనుమతి అడగడానికి యజమాని దగ్గరికి వెళ్లవలసినది కూడా మీరే.